కన్సల్టెన్సీ రాసిచ్చిన ఎస్‌ఓపీనే పంపమంటున్నారు, పంపవచ్చా?

చదువరి22
వచ్చే ఫాల్‌కి అమెరికాలో ఎం.ఎస్. కోసం దరఖాస్తు చేస్తున్నాను. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఇంట్లో వాళ్ళు ఒక కన్సల్టెన్సీలో చేర్పించారు, సగం ఫీజు కట్టేశారు కూడా. నిన్న వాళ్ళు "ఇదే మీ ఎస్‌ఓపీ" అంటూ ఒక ఫైలు పంపారు, ఈ చదువే ఎందుకు ఎంచుకున్నామో చెప్పే వ్యాసం అది. మొదటి వాక్యం "చిన్ననాటి నుంచీ విద్యుత్తు అంటే నాకు అంతులేని ఆసక్తి". నా స్నేహితురాలిది కంప్యూటర్ సైన్స్, అదే కన్సల్టెన్సీ. ఆమె ఫైలు తెరిచి చూస్తే విద్యుత్తు ఉన్నచోట కంప్యూటర్లు అని ఉంది, మిగతా పేరా పొల్లుపోకుండా అదే. అడిగితే "అందరూ ఇలాగే పంపుతారు, అక్కడ ఎవరూ చదవరు" అన్నారు.

ఎల్‌ఓఆర్‌లు (సిఫారసు ఉత్తరాలు) కూడా వాళ్ళే రాస్తారట. ముగ్గురు లెక్చరర్ల పేర్లు ఇస్తే, వాళ్ళ పేరు మీద ఈమెయిల్ ఖాతాలు తెరిచి తామే అప్‌లోడ్ చేస్తామంటున్నారు. విశ్వవిద్యాలయాల జాబితా కూడా వాళ్ళు తయారుచేసిందే. జర్మనీ సంగతి అడిగితే "అది మీకు కుదరదు" అని ఒక్క మాటతో తేల్చేశారు. మొదటి గడువు డిసెంబరు 15. నాన్నగారేమో "ఇన్నేళ్ళుగా పంపుతున్నవాళ్ళకు తెలియదా" అంటున్నారు. ఏం చేయమంటారు?

రెండోబెంచి
పంపవద్దు. ఆ ఎల్‌ఓఆర్‌ల జోలికి అసలే పోవద్దు.

నిశాచరుడు
అంత భయపెట్టకండి. మా అన్నయ్య కన్సల్టెన్సీ వాళ్ళు రాసిన ఎస్‌ఓపీతోనే వెళ్ళాడు, చదువు ముగించాడు, ఉద్యోగం చేస్తున్నాడు. ఎం.ఎస్.కి మార్కులే ముఖ్యం. వేల దరఖాస్తుల్లో ఎవరి బాల్యం గురించి ఎవరు చదువుతారు?

తూనీగ
నిశాచరుడు గారి మాటలో సగం నిజం ఉంది. క్లాసులు మాత్రమే ఉండే పెద్ద ఎం.ఎస్. కోర్సుల్లో ముందు చూసేది ట్రాన్స్‌క్రిప్టే. మొత్తం శాతం కాదు, ఏ సబ్జెక్టులో ఎంత వచ్చింది, చేరబోయే విభాగానికి కావలసిన గణితం చదివారా లేదా అన్నది చూస్తారు. అక్కడ తేలిపోయే దరఖాస్తులు చాలానే ఉంటాయి.

మిగిలినవాటి సంగతి వేరు. నేను ఇక్కడ పీహెచ్.డీ. చేస్తున్నాను. మా విభాగంలో దరఖాస్తులు చదివే కమిటీలో ఒక విద్యార్థి సభ్యుడు ఉంటారు, పోయిన ఏడాది ఆ పని నాకు వచ్చింది. మార్కులు ఇంచుమించు సమానంగా ఉన్న దరఖాస్తులు ఒక గుట్ట మిగులుతాయి. అప్పుడు ఎస్‌ఓపీ తప్పకుండా చదువుతారు. "చిన్ననాటి నుంచీ" అని మొదలైనవి ఒకే సాయంత్రం వరసగా కనిపిస్తే మొదటి పేరా దాటేసి రెండో పేరాకు వెళ్తారు. అక్కడ కూడా "మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయం", "ప్రపంచస్థాయి అధ్యాపకులు" తప్ప మరేమీ లేకపోతే ఆ ఫైలు గురించి బల్ల దగ్గర మాట్లాడడానికి ఎవరికీ ఏమీ ఉండదు. తిరస్కరించాలన్న కోపం ఎవరికీ ఉండదు. మీ తరఫున చెప్పడానికి ఒక్క విషయమైనా మీరు వాళ్ళ చేతికి ఇవ్వలేదు, అంతే.

చదువరి22 గారూ, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఏం చేశారు? పేరు కాదు, నిజంగా ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాయండి.

లెక్కలమాస్టారు
ఎల్‌ఓఆర్‌ల విషయం నేను చెబుతాను. ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెబుతున్నాను, ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. నా పేరు మీద ఎవరో ఖాతా తెరిచి ఉత్తరం పంపితే అది నా సంతకం దొంగిలించడమే. మరో మాట లేదు. ఒకసారి విదేశీ విశ్వవిద్యాలయం నుంచి ఒక విద్యార్థి గురించి వివరం అడుగుతూ మా కాలేజీ చిరునామాకు మెయిల్ వచ్చింది. ఆ ఉత్తరం నేను రాసింది కాదు. ఉన్నమాట రాశాను. ఆ అబ్బాయి ఎంతో తెలివైనవాడు, వచ్చి అడిగి ఉంటే మనస్ఫూర్తిగా రాసేవాణ్ణి. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మేఘమాల
మాస్టారూ, అడిగితే "నువ్వే రాసుకొని తీసుకురా, సంతకం పెడతాను" అనే లెక్చరర్లే ఎక్కువ కదా? అప్పుడు పిల్లలు ఏం చేయాలి?

లెక్కలమాస్టారు
నిజమే, మావాళ్ళ తప్పు కూడా ఉంది. అలా అన్నప్పుడు ఉత్తరం రాసి తీసుకువెళ్ళకండి, ఒక పేజీ వివరాలు రాసి తీసుకువెళ్ళండి. ఏ సెమిస్టరులో నా దగ్గర ఏ సబ్జెక్టు చదివారు, ఎన్ని మార్కులు, ల్యాబులో ఏం చేశారు, క్లాసులో ఏ ప్రశ్న మీద వాదించారు, ఎక్కడికి దరఖాస్తు చేస్తున్నారు, గడువు ఎప్పుడు. నాకు ఎదురుగా కూర్చునేవి అరవై ముఖాలు. పేరు గుర్తుంటుంది, ముఖం గుర్తుంటుంది, మూడో సెమిస్టరులో ఏ ప్రయోగం చేశారో గుర్తుండదు. ఆ పేజీ చేతిలో ఉంటే అరగంటలో మంచి ఉత్తరం రాయగలను. గడువుకు కనీసం నెల ముందు అడగండి. వారం ముందు ఒకసారి గుర్తు చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

గణితప్రియ
మాస్టారి మాటకు ఒక చేర్పు. దరఖాస్తులో మీరు సిఫారసు చేసేవారి మెయిల్ ఇవ్వగానే లింకు నేరుగా వాళ్ళకే వెళ్తుంది. కాలేజీ చిరునామా ఉన్న మెయిల్ ఇవ్వండి. ఎవరైనా తెరవగల ఉచిత ఖాతా చూస్తే చదివేవారికి సందేహం రావడం సహజం. అలాగే "ఈ ఉత్తరం చూసే హక్కు వదులుకుంటారా" అని ఒక గడి ఉంటుంది. అది 1974లో అమెరికా చేసిన ఫెర్పా చట్టం వల్ల వచ్చింది, చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసే హక్కు ఆ చట్టం ఇచ్చింది. దాదాపు అందరూ వదులుకుంటున్నామనే టిక్ పెడతారు, మీరూ పెట్టండి. విద్యార్థి చూడని ఉత్తరానికే విలువ.

దరఖాస్తు చివర "ఇందులోని సమాచారమంతా నిజం, ఇది నా సొంత రాత" అని మీ పేరుతో సంతకం తీసుకుంటారు. కన్సల్టెన్సీ పేరు ఎక్కడా ఉండదు. రేపు ఏదైనా బయటపడితే అడ్మిషన్ రద్దయ్యేది మీదే.

నిశాచరుడు
ఎల్‌ఓఆర్ విషయంలో మీరందరూ చెప్పింది ఒప్పుకుంటాను. కానీ కన్సల్టెన్సీలన్నీ దొంగలే అన్నట్టు మాట్లాడకండి. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళకు ఫారం ఎలా నింపాలో, ట్రాన్స్‌క్రిప్టు ఎక్కడ సీలు వేయించాలో చెప్పేవారు ఎవరు? అందరికీ పీహెచ్.డీ. చేసే అక్కలు ఉండరు కదా.

తూనీగ
ఉన్నారు కదా, ఇక్కడే! అడగండి, చెబుతాను.

కాగితంపడవ
"జర్మనీ మీకు కుదరదు" అన్న మాట వెనక ఏముందో చూద్దాం. చాలా కన్సల్టెన్సీలకు ఆదాయం రెండు వైపుల నుంచి వస్తుంది. మీరు కట్టేది ఒకటి, మీరు చేరాక ఆ విశ్వవిద్యాలయం ఇచ్చే కమిషన్ రెండోది. బ్రిటన్, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు ఏజెంట్లకు కమిషన్ ఇస్తాయన్నది బహిరంగమే, అమెరికాలో కూడా కొన్ని ఇస్తాయి. మీ ట్యూషన్ ఫీజులో కొంత భాగమే ఆ కమిషన్. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజే లేదు. ఇక కమిషన్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఉచితం అంటే అన్నీ ఉచితం అనుకోవద్దు. ప్రతి సెమిస్టరుకూ కొంత రుసుము ఉంటుంది. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళు 2017 శీతాకాలపు సెమిస్టరు నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు కడుతున్నారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024-25 నుంచి కొత్తగా చేరే బయటి దేశాలవారికి ఫీజు పెట్టింది, మాస్టర్స్‌కి కోర్సును బట్టి సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోలు. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపాలి, 2024 సెప్టెంబరు నుంచి ఈ లెక్క. అది ఫీజు కాదు, మీ డబ్బే. అక్కడికి వెళ్ళాక నెలకు 992 చొప్పున మీకే వస్తుంది. భారతీయ డిగ్రీ ఉన్నవాళ్ళకు 2022 నవంబరు నుంచి, ఆ డిగ్రీ అసలైనదని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. అది రావడానికి సమయం పడుతుంది కాబట్టి అందరికంటే ముందు మొదలుపెట్టాల్సింది దానితోనే.

చదువరి22
ఎనిమిది దగ్గర సీజీపీఏ ఉంది నాకు. అది సరిపోతుందా?

కాగితంపడవ
జర్మనీ మార్కుల్లోకి మార్చే లెక్క మీరే వేసుకోవచ్చు. అత్యధిక మార్కు నుంచి మీ మార్కు తీసివేయండి. దాన్ని అత్యధిక మార్కుకూ ఉత్తీర్ణత మార్కుకూ ఉన్న తేడాతో భాగించండి, మూడుతో గుణించి ఒకటి కలపండి. పదికి ఎనిమిది, ఉత్తీర్ణత 4 అయితే 2.0 వస్తుంది. జర్మనీలో 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 అంటే కేవలం ఉత్తీర్ణత. 2.5 లోపు అడిగే కోర్సులు చాలానే ఉన్నాయి. మీకు ఎందుకు కుదరదో ఆ కన్సల్టెన్సీనే చెప్పమనండి. కోర్సులు వెతకడానికి జర్మనీ విద్యా వినిమయ సంస్థ డీఏఏడీ వెబ్‌సైటులో జాబితా ఉంది, ఆంగ్ల మాధ్యమం అని పెట్టి వెతకండి. విదేశీ దరఖాస్తులను విశ్వవిద్యాలయాల తరఫున సరిచూసే యూని-అసిస్ట్ ద్వారా పంపేవాటికి మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, ఆ సెమిస్టరులో తరువాతి ఒక్కోదానికి 30.

అయితే ఒక మాట. అక్కడ సబ్జెక్టుల వారీగా క్రెడిట్లు సరిపోల్చి చూస్తారు. మీ సిలబస్‌లో వాళ్ళు అడిగిన గణితం, కంట్రోల్ సిస్టమ్స్ క్రెడిట్లు లేకపోతే ఎంత మార్కులున్నా రాదు. ఈ విషయంలో అమెరికాలో ఉన్నంత వెసులుబాటు ఉండదు.

వెన్నెల_కె
జర్మన్ భాష మాట ఎవరూ ఎత్తలేదేమిటి? క్లాసులు ఆంగ్లంలోనే కావచ్చు. చదువు అయ్యాక ఉద్యోగం వెతికేటప్పుడు భాష రాకపోతే సగం తలుపులు మూసే ఉంటాయి. చేరకముందే మొదలుపెడితే మేలు.

చదువరి22
తూనీగ గారూ, ప్రాజెక్టు గురించి. పేరు "సౌర విద్యుత్ వ్యవస్థ పనితీరు విశ్లేషణ". హాస్టల్ మీద ఉన్న సౌర ఫలకాల ఉత్పత్తి లెక్క రాయమన్నారు. మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు ఎక్కువ రావాలి కదా, మేము అనుకున్నంత రాలేదు. మీటరు తప్పు చూపుతోందనుకొని మార్చాం, అయినా అంతే. తరువాత ఫలకం వెనక ఉష్ణోగ్రత కొలిస్తే 60 డిగ్రీలు దాటి ఉంది. ఇంకా మూడు గంటల తరువాత నీళ్ళ ట్యాంకు నీడ ఒక ఫలకం మీద పడగానే ఆ వరస మొత్తం ఉత్పత్తి పడిపోయేది. ఇదంతా చాలా చిన్న విషయం, కన్సల్టెన్సీ వాళ్ళు "రాయక్కర్లేదు" అన్నారు.

తూనీగ
ఇదే మీ ఎస్‌ఓపీ! చిన్న విషయం అని ఎవరన్నారు?

సిలికాన్ ఫలకాల మీద రాసి ఉండే సామర్థ్యం 25 డిగ్రీల దగ్గర కొలిచింది. ఆపైన ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది. 60 డిగ్రీలంటే పద్నాలుగు శాతం వరకు పోయినట్టే. మీరు కొలిచిన తగ్గుదల దానికి దగ్గరగా ఉందా? ఉంటే ఆ సంఖ్య రాయండి, లేకపోతే మిగిలింది ఎక్కడ పోయిందో మీ ఊహ రాయండి. నీడ పడితే వరసంతా ఎందుకు పడిపోయింది? శ్రేణిలో ఉన్నప్పుడు అన్నిటి గుండా ఒకటే కరెంటు వెళ్ళాలి, బలహీనమైనది మిగతావాటిని ఆపుతుంది. దాన్ని తప్పించడానికే బైపాస్ డయోడ్లు. అవి సరిగా పనిచేస్తున్నాయో లేదో మీరు చూశారా? చూడకపోతే వచ్చే వారం చూడండి, దరఖాస్తుకు ఇంకా సమయం ఉంది.

ఇప్పుడు రాయడం. "సౌర విద్యుత్ రంగంలో నాకు విశేష ఆసక్తి ఉంది" అన్న వాక్యం పక్కన ఇది పెట్టి చూడండి: "మధ్యాహ్నం ఉత్పత్తి తగ్గడం చూసి ముందు మీటరును అనుమానించాం. మీటరు మార్చినా ఫలితం మారకపోవడంతో ఫలకాల వెనక ఉష్ణోగ్రత కొలిచాం." మొదటిది ఎవరైనా రాయగలరు. రెండోది ఆ పైకప్పు మీద నిలబడినవాళ్ళే రాయగలరు. ఈ పేరా తరువాత, పాక్షిక నీడలో ఉత్పత్తి నియంత్రణ మీద పనిచేసే ఒక ప్రొఫెసర్ పేరు, ఆ ప్రయోగశాలలో మీరు ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో రెండు వాక్యాలు రాయండి. ఆ ప్రొఫెసర్ వ్యాసం ఒకటైనా నిజంగా చదివి రాయాలి సుమా. పేరు మాత్రం అంటిస్తే వెంటనే తెలిసిపోతుంది.

ఒక పేజీ, మహా అయితే పేజీన్నర. బాల్యం అక్కర్లేదు, మహనీయుల సూక్తులు అక్కర్లేదు. ఒక సెమిస్టరులో మార్కులు తగ్గి ఉంటే కారణం ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగండి.

రెండోబెంచి
చదువుతుంటే నాకే ఆ పైకప్పు ఎక్కి చూడాలనిపిస్తోంది.

నిశాచరుడు
ఇదంతా చాట్‌జీపీటీకి చెప్పి రాయిస్తే పోతుంది కదా? ఆంగ్లం కూడా తప్పుల్లేకుండా ఉంటుంది.

గణితప్రియ
వ్యాకరణం సరిచూడడానికి వాడుకోవడం వేరు, రాయించడం వేరు. ఒక్కో విశ్వవిద్యాలయం నియమం ఒక్కోలా ఉంది, కొన్ని చోట్ల వాడితే చెప్పమంటున్నారు. దరఖాస్తు పేజీలో చూసుకోండి. అయినా ఆ యంత్రానికి మీటరు మార్చిన సంగతి ఎలా తెలుస్తుంది? చెబితే తెలుస్తుంది. అంత చెప్పగలిగినప్పుడు మీరే రాయగలరు.

వెన్నెల_కె
బ్రిటన్‌లో డిగ్రీ కోర్సులకు యూకాస్ అనే ఉమ్మడి ప్రవేశాల సంస్థ ద్వారా దరఖాస్తు చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే, దరఖాస్తుతో పంపే వ్యాసాలన్నిటినీ అక్కడ ఒకదానితో ఒకటి పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ ఉంది. పాతవాటి నుంచి ఎత్తి రాస్తే పట్టుబడతారు. 2026 ప్రవేశాల నుంచి ఒకే పెద్ద వ్యాసం బదులు మూడు ప్రశ్నలకు జవాబులు రాయాలి, మొత్తం కలిపి పాతలాగే 4,000 అక్షరాలు.

మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళకు కూడా ఒక మాట. చదువు ఏడాదే, ఖర్చు తక్కువ అని చెబుతారు. చదువు తరువాత ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ రెండేళ్ళు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకు పద్దెనిమిది నెలలే. క్లాసులతో సాగే మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళు భార్యనో భర్తనో వెంట తీసుకువెళ్ళే వీలు 2024 జనవరి నుంచి లేదు. వీసాకు చూపే డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. ఒక్క రోజు తగ్గినా వీసా తిరస్కరిస్తారు. పాత వీడియోలు చూసి లెక్కలు వేసుకోకండి, ప్రభుత్వ వెబ్‌సైటు చూడండి.

మేఘమాల
అందరూ రాతల గురించే మాట్లాడుతున్నారు. పాస్‌వర్డ్ సంగతి చెబుతాను. మా చెల్లెలి దరఖాస్తులన్నీ కన్సల్టెన్సీ వాళ్ళు తమ మెయిల్ ఖాతాతోనే పెట్టారు. అడ్మిషన్ ఎక్కడెక్కడ వచ్చిందో వాళ్ళు చెబితేనే తనకు తెలుస్తుంది. రెండు నెలలపాటు "ఒకచోటే వచ్చింది, వెంటనే డిపాజిట్ కట్టండి" అని తొందరపెట్టారు. తను మొండికేసి తనే నేరుగా విశ్వవిద్యాలయాలకు మెయిళ్ళు పంపితే, ఇంకో చోట కూడా వచ్చిందనీ, కొంత స్కాలర్‌షిప్ కూడా ఇచ్చారనీ తెలిసింది. జవాబు చెప్పాల్సిన గడువు అప్పటికి నాలుగు రోజులే ఉంది. ఎలాగో అందుకుంది, ఇప్పుడు అక్కడే చదువుతోంది.

అందుకే చదువరి22 గారూ, ఖాతా మీ మెయిల్‌తో, మీ ఫోను నంబరుతో, మీ పాస్‌వర్డ్‌తో ఉండాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

నిశాచరుడు
ఇది మాత్రం దారుణం. మా అన్నయ్యకు ఇలా జరగలేదు.

లెక్కలమాస్టారు
డిపాజిట్ తొందర గురించి తెలుసుకోవాల్సింది ఒకటుంది. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 ఒప్పందం మీద సంతకం చేశాయి. అసిస్టెంట్‌షిప్, ఫెలోషిప్ లాంటి ఆర్థిక సహాయంతో సీటు ఇస్తే ఆ తేదీకి ముందు జవాబు చెప్పమని బలవంతపెట్టకూడదు. సహాయం లేని మామూలు సీటుకు ఇది వర్తించదు, సంతకం చేయని చోట్ల అసలే వర్తించదు. ఆ జాబితా గ్రాడ్యుయేట్ స్కూల్స్ కౌన్సిల్ వెబ్‌సైటులో ఉంటుంది.

రెండోబెంచి
విశ్వవిద్యాలయం అసలుదో నకిలీదో తెలుసుకోవడం ఎలా? జాబితాలో నేను వినని పేర్లు ఉంటే?

లెక్కలమాస్టారు
పేరు వినకపోవడం తప్పు కాదు, చిన్న ఊళ్ళలో మంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఎన్నో ఉన్నాయి. కానీ రెండు సంగతులు మన పిల్లలు మరిచిపోకూడదు. కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ అనే సంస్థ మీద 2011 జనవరిలో అధికారులు దాడి చేశారు. అక్కడ పేరు నమోదు చేసుకున్నవాళ్ళలో మన తెలుగు పిల్లలు చాలామంది. కొందరి కాళ్ళకు ఎక్కడున్నారో కనిపెట్టే పట్టీలు తొడిగారు. ఆ సంస్థ నడిపినావిడకు తరువాత జైలుశిక్ష పడింది. రెండోది మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్. 2019 జనవరిలో బయటపడింది. దాన్ని నడిపింది సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వ అధికారులే, వల పన్నడానికి. వెబ్‌సైటు ఉంది, గుర్తింపు ఉన్నట్టు చూపారు. లేనివి రెండే, క్లాసులూ పంతుళ్ళూ. అప్పుడూ పట్టుబడినవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ.

గుర్తింపు జాబితా చూడండి, చూడాల్సిందే. కానీ అది ఒక్కటే చాలదు. మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చు, క్లాసుకు రానక్కరలేదు అని ఎవరైనా చెబితే అక్కడితో ఆ మాట ముగించండి.

తూనీగ
మాస్టారు చెప్పినదానికి తోడు, విభాగం పేజీలో అధ్యాపకుల పేర్లు చూడండి, ఈ సెమిస్టరు క్లాసుల పట్టిక చూడండి. అక్కడ ఇప్పుడు చదువుతున్న ఒక విద్యార్థికి మెయిల్ రాయండి. మా ల్యాబుకు అలాంటి మెయిళ్ళు వస్తాయి, వీలున్నప్పుడు అందరం జవాబిస్తాం.

చదువరి22
పీజీ ప్రవేశాలకు అడిగే జీఆర్ఈ పరీక్ష రాయలేదు నేను. కన్సల్టెన్సీ వాళ్ళు అక్కర్లేదన్నారు. అది నిజమేనా?

గణితప్రియ
చాలా విభాగాలు తప్పనిసరి అనడం మానేశాయి. కొన్ని ఐచ్ఛికం అంటాయి, కొన్ని పంపినా చూడం అంటాయి, కొన్ని ఇప్పటికీ అడుగుతాయి. ఐచ్ఛికం అన్నచోట గణితంలో 165 దాటితే పంపండి, మార్కులు కాస్త తక్కువున్నవాళ్ళకు అది ఆసరా. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష రెండు గంటల్లోపే అయిపోతుంది, స్కోరు ఐదేళ్ళు చెల్లుతుంది.

తూనీగ
నేను ఒప్పుకోను. డిసెంబరు 15 గడువు పెట్టుకొని ఇప్పుడు జీఆర్ఈకి కూర్చుంటే ఎస్‌ఓపీ, ఎల్‌ఓఆర్‌లు రెండూ దెబ్బతింటాయి. తప్పనిసరి అన్నచోట్లు జాబితా నుంచి తీసేయండి, ఆ సమయం ప్రాజెక్టు మీద పెట్టండి.

గణితప్రియ
చదువరి22 గారి సంగతిలో మీరన్నది సరే. వచ్చే ఏడాది వెళ్ళేవాళ్ళకు నేను చెప్పింది. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు మాత్రం రెండేళ్ళే చెల్లుతాయి, మరీ ముందుగా రాసుకోకండి.

వెన్నెల_కె
డబ్బు లేదని వెనక్కు తగ్గేవాళ్ళు యూరోపియన్ యూనియన్ ఉమ్మడి మాస్టర్స్ కార్యక్రమం ఎరాస్ముస్ ముండుస్ చూడండి. రెండు మూడు దేశాల్లో చదువుతారు. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. పోటీ చాలా ఎక్కువ, గడువులు ఎక్కువగా జనవరి చుట్టుపక్కల ఉంటాయి. ఎస్‌ఓపీ ఒకసారి నిజాయితీగా రాసుకుంటే దీనికీ పనికొస్తుంది.

కాగితంపడవ
వీసా గురించి కూడా ఒక ముక్క. అమెరికా కాన్సులేట్‌లో కిటికీ దగ్గర మాట్లాడేది కొద్ది నిమిషాలే. "ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు?" అన్నది ఎప్పుడూ అడిగే ప్రశ్న. వేరేవాళ్ళు జాబితా తయారుచేసి, వేరేవాళ్ళు ఎస్‌ఓపీ రాసి ఉంటే అక్కడ నోట మాట రాదు. చదువయ్యాక తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదని 214(బి) సెక్షన్ కింద తిరస్కరిస్తే వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపి, వీసా ఫీజు కట్టి మళ్ళీ మొదటికి రావాలి. సెవిస్‌కి (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ నమోదు వ్యవస్థ) కట్టిన 350 డాలర్లు మాత్రం అదే ఐ-20కి (విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రం) కొంతకాలం పనికొస్తాయి.

చదువరి22
అందరి జవాబులూ నాన్నగారికి చదివి వినిపించాను. మేఘమాల గారి చెల్లెలి విషయం వినగానే ఆయనే కన్సల్టెన్సీకి ఫోను చేశారు. ఖాతాలన్నీ నా మెయిల్‌కి మార్చారు. ఎస్‌ఓపీ, ఎల్‌ఓఆర్‌లు నేనే చూసుకుంటానని చెప్పాం. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వం అన్నారు, పోనీ. ఫారాలు, వీసా కాగితాలు వాళ్ళు చూస్తారు.

ఈరోజు బైపాస్ డయోడ్లు చూశాం. ఒక ఫలకం వెనక పెట్టె తెరిస్తే ఒక డయోడు మాడిపోయి ఉంది! సరిగ్గా నీడ పడే ఫలకమే అది. కొత్తది వేసి మళ్ళీ కొలవడానికి ల్యాబు సహాయకులు ఒప్పుకున్నారు.

ఇంకో ప్రశ్న. ఇద్దరు లెక్చరర్లు ఉత్తరం రాస్తామన్నారు. మూడోది మా విభాగాధిపతిని అడగాలా, వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసినచోటి ఇంజనీరునా? విభాగాధిపతికి నేను ఎవరో కూడా సరిగా తెలియదు.

తూనీగ
మాడిన డయోడు ఫొటో తీసి పెట్టుకోండి. మార్చకముందు, మార్చాక కొలతలు ఒకే సమయంలో, ఒకేలాంటి ఎండలో తీసుకోండి, లేకపోతే పోల్చలేరు.

నిశాచరుడు
విభాగాధిపతి హోదా పెద్దది కదా, ఆయన్నే అడగండి.

లెక్కలమాస్టారు
వద్దమ్మా, ఇంజనీరునే అడుగు. నిన్ను ఎరగని పెద్దమనిషి రాసే ఉత్తరం నీ మార్కుల జాబితాను వాక్యాల్లో పెట్టినట్టు ఉంటుంది, ఆ జాబితా వాళ్ళ దగ్గర ఎలాగూ ఉంది. నీతో పనిచేసినాయన నువ్వు ఏం చేశావో చెబుతాడు. కంపెనీ మెయిల్ నుంచే పంపమను. నేను చెప్పిన ఆ ఒక పేజీ రేపే ముగ్గురికీ ఇచ్చెయ్యి, డయోడు సంగతి కూడా అందులో చేర్చు.

చదువరి22
ఇంజనీరు గారికి ఇప్పుడే ఫోను చేశాను, రాస్తామన్నారు. ఎస్‌ఓపీ చిత్తుప్రతి ఆదివారానికి ఇక్కడే పెట్టవచ్చా?

తూనీగ
ఇక్కడ బహిరంగంగా పెట్టవద్దు, ఎవరైనా ఎత్తుకుపోతారు. నాకు విడిగా సందేశం పంపండి, సోమవారం చదివి చెబుతాను.